ఆలన్ ట్యూరింగ్ – మీనచర్మంపై చారలు

గాజుతొట్టిలో ఈదులాడే జీబ్రా చేపను నిదానంగా పరిశీలించినవారికి ఒక విస్మయం కలుగక మానదు. బొటనవ్రేలంత ప్రాణి. దాని మేనిపై తలనుండి తోకవరకు ఎవరో నూలు పట్టి గీసినట్లు నల్లని చారలు, వాటి నడుమ పసుపు వెండి కలిసిన చారలు. గ్రుడ్డునుండి వెలువడిన నాడు ఈ చారల వరుస ఆ పిల్లచేపకు లేదు. కొన్ని వారాల వ్యవధిలో చర్మంలోని జీవకణాలు తమంత తాము సర్దుకొని దానిని సిద్ధం చేశాయి. ఏ ఒక్క కణానికీ చేప యావత్తూ ఎట్లుండవలెనో తెలియదు. తన చుట్టుప్రక్కల ఉన్న రెండు మూడు కణాలను మించి దాని ఎరుక పోదు. చిత్రకారుడు లేనిచోట చిత్రం ఎట్లా ఏర్పడింది?

ఈ ప్రశ్నకు గణితభాషలో సమాధానం చెప్పిన ప్రథముల్లో అగ్రగణ్యుడు జీవశాస్త్రజ్ఞుడు కాడు, గణితవేత్త. ఆయన పేరు ఆలన్ మాథిసన్ ట్యూరింగ్. కంప్యూటర్ శాస్త్రానికి పునాది వేసినవాడుగా, రెండవ ప్రపంచ యుద్ధంలో జర్మనీవారి రహస్యలిపిని ఛేదించినవాడుగా లోకం ఆయనను స్మరిస్తుంది. జీవితపు చివరి నాలుగైదు సంవత్సరాలలో ఆయన తలపెట్టిన మూడవ పని మన విద్యార్థులకు అంతగా పరిచితం కాదు. కనుక ఈ వ్యాసంలో దానికే హెచ్చు తావిస్తున్నాను.

ట్యూరింగ్ వంశానికి మన తెలుగుదేశంతో ఒక సంబంధం ఉంది. తండ్రి జూలియస్ మాథిసన్ ట్యూరింగ్ ఇండియన్ సివిల్ సర్వీసులో చేరి మద్రాసు రాజధానిలో ఉద్యోగం చేశాడు. తల్లి ఎథెల్ సారా 1881లో కోయంబత్తూరు సమీపంలోని పోదనూరులో జన్మించింది. ఆమె తండ్రి ఎడ్వర్డ్ వాలర్ స్టోనీ మద్రాసు రైల్వేలో చీఫ్ ఇంజనీరు. 1907లో వివాహమైన పిదప ఆ దంపతులు బదిలీల వెంట తిరిగిన ఊళ్ల పేర్లు వింటే మనకు సొంత బంధువుల వివరం విన్నట్లుంటుంది: పార్వతీపురం, విశాఖపట్టణం, అనంతపురం, బెజవాడ, చికాకోలు, కర్నూలు, గంజాం జిల్లాలోని ఛత్రపురం. పెద్దకుమారుడు జాన్ 1908లో కూనూరులో పుట్టాడు. రెండవవాడైన ఆలన్ మాత్రం 1912 జూన్ 23న లండను నగరంలో జన్మించాడు. ఆయన హిందూదేశాన్ని ఎన్నడూ చూడలేదు.

నాటి దొరల ఆచారం ప్రకారం తల్లిదండ్రులు ఉద్యోగరీత్యా ఇక్కడ ఉండగా, బిడ్డలు ఇంగ్లండులో పరాయి పంచన పెరిగారు. సముద్రతీరాన సెయింట్ లియొనార్డ్స్ అనే ఊరిలో వార్డు అనే సైనికాధికారి కుటుంబం ఆ అన్నదమ్ములను సాకింది. మాతాపితరుల సన్నిధి సెలవులలో దొరికే అపురూపమైన వస్తువుగా ఆ బాలునికి బాల్యం గడిచింది. సామ్రాజ్యాన్ని పాలించినవారు దానికి తమ ఇంట చెల్లించిన వెల ఇది. చరిత్ర పుస్తకాలలో ఈ పద్దు తరచు కనిపించదు.

పది సంవత్సరాల వయస్సులో ఆ పిల్లవాని చేతికి ఒక పుస్తకం వచ్చింది. ఎడ్విన్ టెన్నీ బ్రూస్టర్ అనే అమెరికన్ రచయిత బాలబాలికలకై వ్రాసిన ప్రకృతి వింతల పుస్తకమది. గ్రుడ్డులో కోడిపిల్ల ఎట్లు రూపుదిద్దుకొంటుందో, శరీరం ఇటుకలవంటి చిన్న కణాలతో ఎట్లు కట్టబడుతుందో అందులో సులభశైలిలో ఉంది. శాస్త్రమనేది ఒకటున్నదని తన కన్ను తెరిపించినది ఆ పుస్తకమేనని ట్యూరింగ్ పెద్దవాడైన తర్వాత తల్లితో చెప్పాడు. 1923లో ఆ తల్లి సరదాగా గీసిన బొమ్మ ఒకటి నేటికీ ఉంది. తోటి బాలురందరు హాకీ ఆటలో మునిగి ఉండగా, ఆలన్ ఒక్కడు కర్ర చేతపట్టుకొని వంగి డైసీ పూలు ఎదుగుతుండగా చూస్తున్నట్లు ఆమె చిత్రించింది. ముప్పది సంవత్సరాల తర్వాత పూలరేకుల లెక్క ఆయన బల్లమీదికి వచ్చింది.

1926లో షెర్బోర్న్ పాఠశాలలో చేరవలసిన మొదటిరోజున దేశమంతటా సార్వత్రిక సమ్మె. రైళ్లు నడవవు. పదునాలుగేండ్లైనా నిండని ఆ కుర్రవాడు సౌతాంప్టన్ రేవునుండి అరువది మైళ్లకు పైగా సైకిలు త్రొక్కి బడికి చేరాడు. ఆ బడిలో గ్రీకు, లాటిన్ భాషలకున్న గౌరవం గణితానికి లేదు. అచట ఆయనకు లభించిన అపురూప మిత్రుడు క్రిస్టఫర్ మోర్కమ్. ఇద్దరూ కలసి నక్షత్రాలను గురించి, రసాయనాలను గురించి ముచ్చటించుకొనేవారు. 1930 ఫిబ్రవరిలో మోర్కమ్ క్షయవ్యాధి మూలంగా అకాలమరణం చెందాడు. జీవం ఎక్కడ ఉంటుంది, జడపదార్థానికి మనస్సుకు సంబంధమేమిటి అన్న చింత ట్యూరింగ్ హృదయంలో ఆనాడు నాటుకొన్నదని ఆయన జీవితచరిత్రకారులు భావిస్తారు. ఈ ఊహలో నిజం లేకపోలేదని నాకూ తోస్తుంది.

తర్వాతి కథ అందరెరిగినదే కావున క్లుప్తంగా చెబుతాను. 1931లో కేంబ్రిడ్జిలోని కింగ్స్ కళాశాలలో ప్రవేశం. 1935లో, ఇరువదిరెండేండ్లకే, ఫెలోగా ఎన్నిక. 1936లో గణనీయ సంఖ్యలపై వ్రాసిన ప్రబంధంలో, కాగితపు పట్టీమీద గుర్తులు చదువుతూ వ్రాస్తూ చెరిపివేస్తూ పోయే ఒక ఊహాయంత్రాన్ని ఆయన వర్ణించాడు. నేటి కంప్యూటర్లన్నిటికి అదే మూలపురుషుడు. 1938లో ప్రిన్స్‌టన్ విశ్వవిద్యాలయంనుండి డాక్టరేటు. యుద్ధం ప్రకటింపబడిన మరునాడు, 1939 సెప్టెంబరు 4న, బ్లెచ్లీ పార్కులో హాజరు. పోలండు గణితవేత్తలు అంతకుముందే వేసిన బాటను విస్తరించి, ఎనిగ్మా యంత్రపు లిపిని ఛేదించే బోంబ్ అనే యంత్రానికి ఆయన రూపకల్పన చేశాడు. జర్మన్ నౌకాదళపు సందేశాలు చదవగలగడం వల్ల అట్లాంటిక్ సముద్రంపై ఎన్నో నౌకలు మునగకుండా బయటపడ్డాయి. ఈ సంగతి ఏదీ ఆయన బ్రతికి ఉండగా బహిరంగం కాలేదు. 1970 దశకంలో ఆ రహస్యం వెలువడేనాటికి ఆయన గతించి రెండు దశాబ్దాలు.

యుద్ధానంతరం జాతీయ భౌతిక ప్రయోగశాలలో ఒక కంప్యూటరు నమూనా తయారుచేశాడు. ఆఫీసు జాప్యాలతో విసిగి 1948లో మాంచెస్టర్ విశ్వవిద్యాలయానికి మారాడు. దూరపు పరుగులో ఆయన గట్టివాడన్న మాట కూడా చెప్పుకోవాలి. 1947లో మారథాన్ దూరాన్ని 2 గంటల 46 నిమిషాలలో పరుగెత్తాడు. 1951లో రాయల్ సొసైటీ సభ్యత్వం లభించింది. అదే సంవత్సరం మాంచెస్టర్‌కు ఫెరాంటి కంపెనీవారి కొత్త కంప్యూటరు వచ్చింది. ఇతరులు ఆ యంత్రంతో సంఖ్యాశాస్త్రపు లెక్కలు వేయదలచుకోగా, ట్యూరింగ్ దానిని జంతువుల మచ్చలు, పూలరేకులు, దేవదారు కాయల పొలుసులు ఎట్లు ఏర్పడుతాయో కనుగొనడానికి వినియోగించాడు.

ఆయన ఆలోచన ఇది. నీటిలో సిరాబొట్టు వేస్తే అది క్రమంగా వ్యాపించి నీరంతా ఒకే రంగు అవుతుంది. వ్యాపనం తేడాలను తుడిచివేస్తుందని మనమందరం నమ్ముతాం. ట్యూరింగ్ దీనికి వ్యతిరేకమైనది నిరూపించాడు. ఒకదానితో ఒకటి చర్య జరిపే రెండు రసాయనాలు వేర్వేరు వేగాలతో వ్యాపిస్తుంటే, తగిన పరిస్థితులలో ఆ సమత్వమే అస్థిరమై పోతుంది. ఎక్కడో కలిగిన అతిస్వల్పమైన హెచ్చుతగ్గు పెరిగి పెరిగి, సమదూరాలలో మచ్చలుగానో చారలుగానో స్థిరపడుతుంది. ఆకారాన్ని కలిగించే ఇట్టి పదార్థాలకు మార్ఫోజెన్లు అని పేరు పెట్టాడు.

అవకలన సమీకరణాలు చదువని విద్యార్థులకై దీనిని మన సంతలతో పోల్చి చెబుతాను. ఒక ఊళ్లో వారపు సంత మొదలైతే, జనం వచ్చేకొలది వర్తకులు వస్తారు. వర్తకులు వచ్చేకొలది జనం వస్తారు. దగ్గరలో సంత తన్ను తాను పెంచుకొంటుంది. కాని ఆ పెద్దసంత ఉన్నంతకాలం నాలుగు క్రోసుల లోపల మరొక సంత తలయెత్తలేదు. వర్తకులను, బండ్లను ఇదే లాగివేస్తుంది. ఆ పలుకుబడి సన్నగిల్లిన దూరంలోనే రెండవ సంత వెలుస్తుంది. ఎవరూ పటం ముందుంచుకొని నిర్ణయించకపోయినా సంతలు ఇంచుమించు సమదూరాలలో ఏర్పడుతాయి. సమీపంలో ప్రోత్సాహం, దూరంలో నిరోధం: ఈ రెండింటి మధ్య తేడాలో చారల వెడల్పు నిర్ణయమవుతుంది. 1972లో జర్మనీకి చెందిన గీరర్, మైన్‌హార్ట్ ఈ సూత్రాన్ని ఇట్లు స్పష్టం చేశారు.

ఈ ప్రబంధం రాయల్ సొసైటీకి 1951 నవంబరు 9న అందింది. 1952 ఆగస్టు 14న అచ్చయింది. ఆ రెండు తేదీల నడుమ ఆ గ్రంథకర్త జీవితం తలక్రిందులైంది.

1952 జనవరిలో ఆయన ఇంట దొంగతనం జరిగింది. ఆయనే పోలీసులకు తెలిపాడు. విచారణ సాగుతుండగా, ఒక యువకునితో తనకు గల సంబంధాన్ని దాచక చెప్పాడు. పురుషుల మధ్య అట్టి సంబంధం నాటి ఆంగ్ల చట్టం ప్రకారం నేరం. మార్చి 31న నట్స్‌ఫర్డ్ న్యాయస్థానంలో శిక్ష పడింది. కారాగారానికి బదులుగా ఒక సంవత్సరకాలం స్త్రీ హార్మోను చికిత్స పొందడానికి ఆయన అంగీకరించవలసి వచ్చింది. ప్రభుత్వ రహస్య కార్యాలలో ప్రవేశం రద్దయింది. దేశాన్ని కాపాడిన యంత్రాన్ని కట్టినవాని పట్ల ఆ దేశమే ఇట్లు ప్రవర్తించిందంటే, కోర్టులోని వారికి ఆ యంత్రం సంగతి తెలియదన్న సమాధానం ఉంది. తెలియకపోవడం నిజమే. అయితే తెలిసి ఉంటేనే మనిషికి మర్యాద దక్కాలా అన్న ప్రశ్న అక్కడే నిలిచి ఉంటుంది. 2009లో బ్రిటిష్ ప్రధాని గోర్డన్ బ్రౌన్ ప్రభుత్వం పక్షాన క్షమాపణ చెప్పాడు. 2013 డిసెంబరు 24న రాణి క్షమాభిక్ష ప్రకటించింది. 2021లో 50 పౌన్ల నోటుపై ఆయన ముఖం అచ్చయింది.

హార్మోను చికిత్స జరుగుతున్న కాలంలో కూడ ట్యూరింగ్ జీవరూపాల పని మానలేదు. మొక్కకొమ్మపై ఆకుల విన్యాసం, పొద్దుతిరుగుడు పూవు గింజల సుడులు, వాటిలో కనిపించే ఫిబొనాచీ సంఖ్యలు ఆయన చివరి అన్వేషణ. మాంచెస్టర్‌లో వృక్షశాస్త్ర ఆచార్యుడైన వార్డ్‌లా ఒక్కడు ఆ కృషిని మనసారా ఆదరించి, 1953లో దానిపై వ్యాఖ్య వ్రాశాడు. 1954 జూన్ 7న విల్మ్‌స్లో గ్రామంలోని స్వగృహంలో ట్యూరింగ్ సయనైడు విషం వలన మరణించాడు. మరునాడు ఇంటి పనిమనిషి చూచింది. విచారణ జరిపినవారు ఆత్మహత్యగా తేల్చారు. రసాయనాలతో ఇంటిలో ప్రయోగాలు చేసే అలవాటున్న కుమారుడు ప్రమాదవశాత్తు పోయాడని తల్లి చివరివరకు నమ్మింది. 1959లో ఆమె కుమారుని జీవితచరిత్ర వ్రాసి ప్రకటించింది. ఆయనకు అప్పటికి నలుబదిరెండేండ్లు నిండలేదు. పత్రవిన్యాసంపై వ్రాతలు అసంపూర్ణంగా మిగిలాయి. 1992లో గాని అవి సంపుటంగా వెలువడలేదు.

ప్రబంధం పట్ల జీవశాస్త్రజ్ఞుల ఆదరణ మందంగా ఉండినది. 1953లో డి.ఎన్.ఏ. నిర్మాణం బయటపడగా అందరి దృష్టి అటు మళ్లింది. గణితం వారికి కఠినం. పైగా ట్యూరింగ్ చెప్పిన మార్ఫోజెన్లను ఎవరూ కంటితో చూడలేదు. పరీక్షనాళికలలో సైతం అట్టి మచ్చలు 1990లో గాని సాధ్యపడలేదు. ఫ్రాన్సులోని బోర్డో నగరంలో రసాయనశాస్త్రజ్ఞులు వాటిని మొదటిసారి చూపించారు. మరి ప్రాణులలోనో? సమాధానం చేపనుండి వచ్చింది.

1995లో జపాను శాస్త్రజ్ఞులు కోండో, అసాయి సముద్రపు ఏంజెల్ చేపలను తొట్టిలో పెంచి నెలల తరబడి ఫోటోలు తీశారు. జీబ్రా గుర్రం పెరిగినప్పుడు చారలు కూడ దానితోబాటు వెడల్పవుతాయి. బెలూనుపై గీసిన గీతలు బెలూను ఉబ్బినప్పుడు సాగినట్లే. ఈ చేపల చారలు అట్లు సాగవు. ఒక జాతిలో పిల్లచేప రెండు సెంటీమీటర్ల పొడవున్నప్పుడు మూడు చారలుంటాయి. నాలుగు సెంటీమీటర్లయ్యేసరికి వాటి నడుమ కొత్త చారలు మొలుస్తాయి. ఎనిమిది దాటగా మళ్లీ. చారకు చారకు ఎడం మాత్రం మారదు. మరొక జాతిలో చార రెండుగా చీలే కూడలి, దుస్తుల జిప్పు తెరచుకొన్నట్లు, మెల్లగా ప్రక్కకు జరుగుతూ పోతుంది. ట్యూరింగ్ సమీకరణాలను కంప్యూటరుకు ఇస్తే తెరమీద సరిగా ఇదే జరిగింది. చర్మంపై చిత్రం ఒకసారి ముద్రించి వదలినది కాదు. అనుక్షణం నిలబెట్టబడుతున్నది అని తేటపడింది.

అయితే నిలబెడుతున్నదేది? ఇక్కడ కథ ఒక మలుపు తిరుగుతుంది. ట్యూరింగ్‌ను మెచ్చేవారు కొందరు ఈ మలుపును దాటవేస్తారు. అది ఆయనకు అన్యాయం.

ఈ పరిశోధనకు అనువైన ప్రాణి మన ఉపఖండపు నీళ్లలో పుట్టినదే. గంగానదీ మత్స్యాలను వర్ణిస్తూ ఫ్రాన్సిస్ హామిల్టన్ 1822లో నామకరణం చేసిన జీబ్రా చేప నేడు ప్రపంచమంతటా ప్రయోగశాలలలో పెరుగుతోంది. దాని చర్మంలో వర్ణకకణాలు ముఖ్యంగా మూడు రకాలు: నల్లని మెలనోఫోర్లు, పసుపుపచ్చని జాంథోఫోర్లు, వెండివలె మెరిసే ఇరిడోఫోర్లు. 2007లో కోండో బృందం లేజరు కిరణంతో చర్మంలోని కొంత మేర వర్ణకకణాలను చంపివేసి ఏమవుతుందో చూసింది. చారలు తిరిగి ఏర్పడ్డాయి, కాని పూర్వపు తిన్నని వరుసలో కాదు. వంకరలు తిరిగి, ట్యూరింగ్ లెక్క చెప్పిన తీరులోనే. నలుపు కణం, పసుపు కణం దగ్గరలో ఒకదానినొకటి తొలగించుకొంటాయనీ, దూరంలో మాత్రం పసుపు కణాలు నలుపు కణాల మనుగడకు తోడ్పడతాయనీ 2009లో నిర్ధారణ అయింది. సమీపానికొక నీతి, దూరానికొక నీతి, సూత్రం ట్యూరింగ్‌దే.

కాని ఆ సందేశాన్ని మోసేది నీటిలో కరిగి వ్యాపించే రసాయనం కాదని క్రమంగా తెలిసింది. మోసేవి కణాలే. పసుపు కణం సన్నని కాళ్లు చాచి నల్లకణాన్ని తాకుతుంది. తాకిన వెంటనే నల్లకణపు పొరమీది విద్యుత్ స్థితి మారుతుంది. అది వెనుకకు జరుగుతుంది. పసుపు కణం దాని వెంటబడుతుంది. గాజుపలకపై ఈ రెండింటిని మాత్రమే ఉంచినప్పుడు, ఒకటి తరుముతూ మరొకటి తప్పుకొంటూ గుండ్రంగా తిరగడం కూడ చూడవచ్చును. దూరపు సందేశం సైతం నల్లకణాలు చాచిన పొడవైన పోగుల కొసన, స్పర్శద్వారానే అందుతుందని సాక్ష్యాలున్నాయి.

స్పర్శ అన్న తరువాత అంటుకొనే గుణం మాట రాక తప్పదు. మన భౌతికశాస్త్ర పాఠాలలో సంసంజన బలాలు, అసంజన బలాలు అని చదువుకొంటాం. ఒకే రకపు అణువుల నడుమ ఆకర్షణ మొదటిది, వేర్వేరు రకాల నడుమ ఆకర్షణ రెండవది. పాదరసం గాజుమీద ముత్యమై నిలువగా, నీరు పరచుకొనడానికి ఈ బలాల హెచ్చుతగ్గులే కారణం. జీవకణాలకూ ఇట్టి నైజముంది. 1907లో విల్సన్ అనే అమెరికన్ శాస్త్రజ్ఞుడు సజీవమైన స్పంజికను సన్నని పట్టుగుడ్డలోనుంచి పిండి కణాలను విడదీశాడు. అవి నీటి అడుగున ప్రాకి మళ్లీ కలసి స్పంజికగా ఏర్పడ్డాయి. ట్యూరింగ్ మరణించిన మరుసటి సంవత్సరం, 1955లో, టౌన్స్, హోల్ట్‌ఫ్రెటర్ కప్పజాతి పిండపు కణాలను విడదీసి కలగలిపితే, ఒక్కొక్క రకం తన స్థానానికి తాను చేరుకొన్నట్లు చూపారు. 1960 దశకంలో స్టైన్‌బర్గ్ దీనికి భౌతిక కారణం చెప్పాడు: గట్టిగా అంటుకొనే కణాలు లోపలికి చేరుతాయి, బలహీనంగా అంటుకొనేవి వెలుపల కమ్ముకొంటాయి, నూనె నీరు వేరుపడినట్లే. కణాలను అంటించే కాడ్‌హెరిన్ అనే మాంసకృత్తులను తరువాత జపానులో టాకెయిచీ వెలికితీశాడు.

చేప చారలలో ఈ జిగురు పాత్ర ఎంత అన్నదానికి రెండు జన్యులోపాల చేపలు మంచి సాక్షులు. మొదటిదాని పేరు స్యూరా. చుక్కలు చుక్కలుగా రంగు అద్ది చిత్రాలు వేసిన ఫ్రెంచి చిత్రకారుని పేరు దానికి పెట్టారు. కారణం, దాని మేనిపై చారలు తెగి చుక్కలైనాయి. 2012లో లోపం కనుగొనబడింది: కణాలను ఒకదానితో ఒకటి అంటుకొనేట్లు చేసే ఐ.జి.ఎస్.ఎఫ్.11 అనే మాంసకృత్తు ఆ చేపలో చెడింది. ఆ జిగురు లేనప్పుడు నల్లకణాలు సరిగా ప్రయాణం చేయలేవు, పెక్కు చనిపోతాయి కూడ. రెండవదాని పేరు జర్మను భాషలో చదరంగపు పలక అని అర్థమిచ్చే షాహ్‌బ్రెట్. 2015లో తెలిసినదేమంటే, పొరుగు కణాల పొరలను దగ్గరగా కుట్టే బంధాలకు చెందిన ఒక మాంసకృత్తు దానిలో లోపించింది. వెండికణాలు దట్టంగా నేసిన రూపంనుండి పలుచని రూపానికి వేళకు మారలేకపోయాయి. నల్లచారలు మధ్యమధ్య తెగి పలకగడులవలె మిగిలాయి. ఇక చిరుత అని పేరుగల మూడవ చేపలో, పొరుగు కణాల నడుమ సన్నని ద్వారంగా పనిచేసే మాంసకృత్తు చెడింది. దానికీ చారలకు బదులు చుక్కలే. అంటుకొనడంలోనో, తాకి మాటలాడుకొనడంలోనో ఒక్క కుట్టు విడిపోతే చార చుక్కగా మారుతున్నది. కణాల ఆకర్షణ, వికర్షణలనే తీసుకొని, వ్యాపించే రసాయనం ప్రసక్తి లేకుండా, చారలు పుట్టించే గణిత నమూనాలు కూడ నేడున్నాయి.

అట్లైతే ట్యూరింగ్ పొరబడినాడా? ఈ ప్రశ్న వేసేవారు ఆయన ప్రబంధపు మొదటి పుటలు తిరిగి చదవాలి. పెరిగే పిండం స్థితిని వర్ణించాలంటే రెండు భాగాలు కావాలని ఆయన అక్కడే వ్రాశాడు. ఒకటి యాంత్రికం: కణాల స్థానాలు, బరువులు, వేగాలు, సాగే గుణం, వాటి మధ్య పనిచేసే బలాలు. రెండవది రసాయనికం. రెండింటినీ కలిపి సాధించడం దుర్ఘటమని, అందుచేత యాంత్రిక భాగాన్ని ప్రక్కకు పెట్టదగిన సందర్భాలనే ఎన్నుకొంటున్నానని నిస్సంకోచంగా తెలియజేశాడు. తన నమూనా సరళీకరణ మాత్రమేననీ, ఆ మేరకు అది సత్యానికి దూరమేననీ కూడ చెప్పుకొన్నాడు. కణాల మధ్య బలాలని ఆయన ఒక్క వాక్యంలో పేర్కొని విడిచినవానినే చేపచర్మం అరువది ఏండ్ల తర్వాత ముందుకు తెచ్చింది. ఆయన సమీకరణాలలో రసాయనమున్న చోట కణాన్ని, వ్యాపనమున్న చోట స్పర్శను ఉంచితే, సూత్రం చెక్కుచెదరక నిలుస్తున్నది. తాను ఏది వదలుతున్నదీ ముందే వ్రాసి పెట్టిన శాస్త్రజ్ఞులు అరుదు. ఆ వదలినదానికి ఆయనే తిరిగి వచ్చి ఉండేవాడా అన్నది 1954లో తెగిపోయిన ప్రశ్న.

ఆ ప్రబంధంలో ఒక బొమ్మ ఉంది. నలుపు తెలుపు మచ్చల తునక. ఆవు చర్మంలో ఒక ముక్క కత్తిరించినట్లుంటుంది. కంప్యూటరుకు తాతవంటివాడు ఆ బొమ్మ లెక్కను యంత్రంతో కాక, కొన్ని గంటలు కూర్చుండి చేత్తో వేశాడు.

చేపలో మాత్రం లెక్క ఇంకా పూర్తి కాలేదు. జర్మనీలోని ట్యూబింగెన్‌లో నోబెల్ బహుమాన గ్రహీత నుస్లైన్-ఫోల్‌హార్ట్ బృందమూ, అమెరికాలో పరిచీ బృందమూ చూపినదాని ప్రకారం, చేప మేనిపై మొదట బయలుదేరేవి వెండికణాలు. నడిమి గీత వెంబడి అవి పరచుకొన్న తర్వాతనే నలుపు, పసుపు తమ తమ చోట్లు వెదకికొంటాయి. మూడింటిలో ఏ ఒక్కటి లోపించినా మేనిమీద చారలు సరిగా ఏర్పడవు. తోకరెక్కమీద మాత్రం వెండికణాల తోడు లేకుండానే నలుపు, పసుపు రెండే చేరి చారలు తీరుస్తాయి. ఒకే చేపకు మేనిమీద ముగ్గురి ఒప్పందం, తోకమీద ఇద్దరి ఒప్పందం ఎందువలన అన్నదానిపై ఇంకా పని జరుగుతూనే ఉంది.